విషవాయువు – ఎలుకల పరీక్ష – పంచాయతీ బాధ్యత

గ్రామమునకు క్రొత్త కర్మాగారము వచ్చుచున్నదన్న వార్త వినగానే మన పంచాయతీలలో రెండు విషయములపై చర్చ జరుగును. ఎందరికి పని దొరకును? పన్ను రూపమున పంచాయతీకి ఎంత వచ్చును? ఈ రెండును అడుగదగిన ప్రశ్నలే. కాని వీనికంటె ముందు అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు. అచ్చట నిలువచేయు పదార్థము ఒక రాత్రి ఆవిరియై బయటకు వచ్చినచో, గాలి వాలున నిద్రించుచున్న మన కుటుంబముల గతి యేమి?

ఈ ప్రశ్నకు సమాధానములో కొంత భాగము ఒక చిన్న పంక్తిలో ఇమిడియున్నది. రసాయన పదార్థముతో పాటు వచ్చు భద్రతా వివరపత్రములో, “ఎలుక, పీల్చుట, 4 గంటలు, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు” అని ఆ పంక్తి యుండును. చదువరులైనవారు కూడ దానిని చూచి, ఎలుకల సంగతి మనకేల అని పుట త్రిప్పివేయుదురు. జలదంకి మొదలగు మండలముల పంచాయతీ సభ్యులు ఆ పంక్తిని చదువగలుగవలెననియు, అది చెప్పునదేమో, చెప్పనిదేమో గ్రహింపవలెననియు మేము ఈ పాఠమును వ్రాయుచున్నాము.

మన ప్రాంతమున జరిగినది

ఇది ఎక్కడో పెద్ద పట్టణములకు మాత్రమే సంబంధించిన విషయమని తలపరాదు. జలదంకికి పడమట కలిగిరి, దానికి ఆవల వింజమూరు. ఆ వింజమూరు మండలములోని చంద్రపడియ వద్ద గల ఒక రసాయన కర్మాగారములో 2021 మే 11వ తేదీన విషవాయువు వెలువడి ముగ్గురు కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు మెట్టపొలములకు, పశువులకు పేరుపొందినవే గాని, రసాయనములు ఇచ్చటికి రావని చెప్పుటకు వీలులేదు. తూర్పున కావలి మీదుగా పోవు 16వ నంబరు జాతీయ రహదారిపై రసాయనములు నింపిన ట్యాంకరు లారీలు రేయింబవళ్లు తిరుగుచున్నవి. మంచు కర్మాగారములలోను, శీతల గిడ్డంగులలోను అమ్మోనియా వాయువును వాడుదురు. త్రాగునీటిని శుభ్రపరచు పెద్ద కేంద్రములలో క్లోరిన్ సిలిండర్లుండును. కనుక ఈ పాఠము మనకు అక్కరకు వచ్చునదే.

పరీక్ష జరుగు విధము

ఒక పదార్థపు ఆవిరి ఎంత ప్రమాదకరమో తెలిసికొనుటకు మనుష్యులపై ప్రయోగము చేయరాదు గదా. అందువలన శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో ప్రత్యేకముగా పెంచిన ఎలుకలను ఎన్నుకొందురు. ఇవి మన ధాన్యపు కొట్లలో తిరుగు ఎలుకలు కావు. ఒకే జాతికి, ఒకే వయస్సుకు చెంది, రోగము లేక, ఒకే ఆహారము తిని పెరిగినవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వంటి సంస్థలు ఇట్టి జంతువులను శాస్త్రీయముగా పెంచుచున్నవి.

ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థయను అంతర్జాతీయ సంస్థ 1981లో ఈ పరీక్షకు నియమములు రూపొందించి, 2009లో సవరించినది. వాని ప్రకారము, సాధారణముగా 5 మగ, 5 ఆడ ఎలుకలను ఒక జట్టుగా చేయుదురు. ఒక్కొక్క ఎలుకను సన్నని గొట్టములో నుంచి, ముక్కు మాత్రము గాలి గదిలోనికి తెరచి యుండునట్లు అమర్చుదురు. శరీరమంతయు ఆవిరి తగిలినచో, బొచ్చును నాకుట వలన విషము కడుపులోనికి పోయి లెక్క తప్పును. గాలిలో ఆ పదార్థమును ఒక నిర్ణీతమైన పాళములో కలిపి 4 గంటలు పీల్చనిత్తురు. మరియొక జట్టునకు పాళము పెంచుదురు. వేరొక జట్టునకు తగ్గింతురు. పిమ్మట 14 దినములు ప్రతిదినమును పరిశీలించి, ఏ జట్టులో ఎన్ని చనిపోయినవో లెక్కింతురు. సగము ఎలుకలు చనిపోవుటకు చాలిన పాళమేదో దానిని “ఎల్.సి. 50” అని వ్యవహరింతురు.

ఇచ్చట 14 దినముల గడువును సభ్యులు ప్రత్యేకముగా గమనింపవలెను. కొన్ని వాయువులను పీల్చిన ఎలుక ఆనాడు మామూలుగానే తిరుగును. తరువాత ఊపిరితిత్తులలో నీరు చేరి, ఒకటి రెండు దినములకో, అంతకు పిదపనో చనిపోవును. గ్రామములో వాయువు పీల్చినవాడు “నాకేమియు కాలేదు” అని ఇంటికి పోయినంత మాత్రమున ప్రమాదము గడచినదని భావింపరాదని ఈ గడువే మనకు తెలుపుచున్నది.

జంతుహింస మాటేమి అని కొందరికి తోచవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. మన దేశములో 1960 నాటి జంతుహింస నివారణ చట్టము క్రింద నియమితమైన సంఘము ఇట్టి ప్రయోగములను పర్యవేక్షించుచున్నది. జంతువుల సంఖ్యను తగ్గింపవలెనని, బాధను తగ్గింపవలెనని, వీలైనచోట వేరు పద్ధతులు వాడవలెనని 1959లో రస్సెల్, బర్చ్ అను ఇరువురు ఆంగ్ల శాస్త్రజ్ఞులు చేసిన సూచన నేడు లోకమంతట అంగీకృతమైనది. తక్కువ ఎలుకలతో జరుపు పరీక్షా పద్ధతులు కూడ ఇప్పుడు వాడుకలో నున్నవి. ఆ మూగజీవుల ప్రాణములతో సంపాదించిన జ్ఞానమును కాగితములలో మూలపడనిచ్చుట మాత్రము క్షమింపరాని విషయము.

అంకెను చదువుట ఎట్లు?

ఈ అంకెను రెండు కొలతలలో చెప్పుదురు. ఒకటి, లీటరు గాలిలో ఎన్ని మిల్లీగ్రాములు అనునది. రెండవది, పది లక్షల భాగముల గాలిలో ఎన్ని భాగములు అనునది. పది లక్షలన్న ఎంతయో రైతునకు ఇట్లు చెప్పవచ్చును. వడ్ల రకమును బట్టి 15 నుండి 25 కిలోల వడ్లలో సుమారు పది లక్షల గింజలుండును. ఆ వడ్లలో 5 గింజలు వేరు రంగువి కలిపినచో, అది పది లక్షలలో 5 భాగములు. కంటికి అవి కనబడనైనను కనబడవు.

అంకె ఎంత చిన్నదైన విషము అంత తీవ్రమైనదని ముందుగా గుర్తుంచుకొనవలెను. పెద్ద అంకెను చూచి భయపడి, చిన్న అంకెను చూచి ధైర్యపడుట తరచుగా జరుగు పొరపాటు. ఐక్యరాజ్య సమితి వర్గీకరణ ప్రకారము, 4 గంటలలో సగము జంతువులను చంపు ఆవిరి పాళము లీటరుకు 0.5 మిల్లీగ్రాము లేక అంతకు లోపైన మొదటి తరగతి, 2 వరకు రెండవది, 10 వరకు మూడవది, 20 వరకు నాలుగవది. మొదటి మూడు తరగతుల డబ్బాలపై పుర్రె గుర్తుండును. నాలుగవ తరగతికి ఈ లెక్కన పుర్రె గుర్తు లేదు, ఆశ్చర్యార్థక చిహ్నము మాత్రమే.

కాలమును కూడ చూడవలెను. క్లోరిన్ వాయువునకు ఎలుకలలో పది లక్షలకు 293 భాగములు అని వ్రాసియుండును. కాని అది 1 గంట పీల్చినప్పటి లెక్క. దానిని 4 గంటల అంకెలతో నేరుగా పోల్చినచో, వీసెలను కిలోలతో పోల్చినట్లగును. ఎక్కువ సేపు పీల్చినచో తక్కువ పాళమే చాలును. తక్కువ సేపైనను పాళము మిక్కుటమైన ప్రాణము పోవును.

మరియొక సంగతి. ఈ కొలతను 1927లో ట్రెవన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కల్పించినప్పుడు, అతని ఉద్దేశము మందుల బలమును ఒకదానితో ఒకటి సరిపోల్చుట. అనగా ఇది పోల్చుటకు పుట్టిన కొల. ఇంతవరకు భయము లేదు అని గీత గీయుటకు పుట్టినది కాదు. సగము ఎలుకలు చనిపోవు పాళమునకు ఎంతో తక్కువలోనే కండ్లు మండుట, ఊపిరి బిగియుట, స్పృహ తప్పుట జరుగవచ్చును. ఈ పాఠమునకంతకును ఈ మాటయే కీలకము.

ఒక గది లెక్క

రెండు పదార్థములను తీసికొందము. ఒకటి మిథైల్ ఐసోసయనేట్. 1964లో జర్మనీ శాస్త్రజ్ఞులు కిమ్మర్లె, ఎబెన్ అనువారు దీనిని ఎలుకలపై పరీక్షించి, 4 గంటలకు పది లక్షలకు 5 భాగములు అని ప్రకటించిరి. లీటరు గాలికి సుమారు 0.012 మిల్లీగ్రాము. రెండవది ప్లాస్టిక్కు తయారీలో వాడు స్టైరీన్. ఎలుకలలో 4 గంటలకు దీని అంకె లీటరుకు సుమారు 12 మిల్లీగ్రాములు. అనగా మొదటిది రెండవదానికంటె సుమారు వేయి రెట్లు తీవ్రము.

పది అడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గల గది మన గ్రామములలో సామాన్యము. అందులో సుమారు 34,000 లీటర్ల గాలి పట్టును. ఆ గదిలో ఎలుకలలో సగము చనిపోవు పాళము ఏర్పడుటకు స్టైరీన్ సుమారు 400 గ్రాములు కావలెను. మిథైల్ ఐసోసయనేట్ 0.4 గ్రాము చాలును. ఒకటి చెంబెడు, మరియొకటి చుక్కల లెక్క. అయితే స్టైరీన్ భయము లేనిదా? ఈ ప్రశ్నకు సమాధానము మన రాష్ట్రమే చవిచూచినది. దానికి ముందు భోపాలు సంగతి చెప్పవలెను.

భోపాలు నేర్పినది

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాలు నగరములో, క్రిమిసంహారక మందుల కర్మాగారపు తొట్టిలో నిలువయున్న మిథైల్ ఐసోసయనేట్‌లో నీరు చేరి, వేడి పుట్టి, సుమారు 40 టన్నుల వాయువు చుట్టుప్రక్కల బస్తీలపై ప్రవహించినది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే వేలమంది మరణించిరి. లక్షలమంది రోగగ్రస్తులైరి. మన గది లెక్కన చూచినచో, గదికి 0.4 గ్రాము వంతున 40 టన్నులు పది కోట్ల గదులకు వచ్చును. వాయువు గాలిలో చెదరిపోవును గనుక వాస్తవముగా అట్లు జరుగదు. కాని తొట్టి పరిమాణమునకును, విషపు తీవ్రతకును గల పొత్తు ఎంత భయంకరమో ఈ గుణకారము చూపును.

ఇక్కడ మనస్సునకు కష్టము కలిగించు విషయమొకటి కలదు. ఎలుకలపై ఆ పరీక్ష జరిగినది 1964లో. దుర్ఘటన 1984లో. నడుమ 20 సంవత్సరములు. ఆ అంకె శాస్త్ర పత్రికలో ముద్రితమై యున్నది. ఆ పరీక్షలోనే నలుగురు మనుష్యులు స్వచ్ఛందముగా అల్పమైన పాళములను కొద్దిసేపు పీల్చిచూచిరి. పది లక్షలకు 0.4 భాగము వద్ద వారికి ఏమియు తెలియలేదు. 2 భాగముల వద్ద కండ్లు, ముక్కు మండినవి. 21 భాగముల వద్ద భరింపలేకపోయిరి. మన దేశములో 1987లో కర్మాగారముల చట్టమునకు చేర్చిన పట్టికలో కార్మికునకు అనుమతించిన పాళము 0.02 భాగము. అనగా అనుమతికి 20 రెట్లు మించినప్పుడు కూడ ముక్కు పసికట్టలేదు. వాసన రాలేదు గనుక భయము లేదు అను మాటను మన గ్రామములలో ఇక ఎవ్వరును అనరాదు.

ఇంత తెలిసియు, ఆ రాత్రి బస్తీలోని తల్లికి, ముఖముపై తడిగుడ్డ వేసికొని, గాలికి అడ్డముగా నడువవలెనని చెప్పినవారు లేరు. చికిత్స చేయు వైద్యులకే ఆ వాయువు స్వభావమును గూర్చి సరియైన సమాచారము అందలేదు. జ్ఞానము లేకపోవుట ఒక కారణము కాదు. జ్ఞానము చేరవలసిన చోటికి చేరకపోవుటయే కారణములలో ఒకటి.

విశాఖపట్టణము నేర్పినది

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున 3 గంటల ప్రాంతమున విశాఖపట్టణములోని ఆర్.ఆర్. వెంకటాపురము వద్ద ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు తొట్టినుండి స్టైరీన్ ఆవిరి వెలువడినది. కరోనా కాలపు లాక్‌డౌన్ వలన కర్మాగారము కొన్ని వారములుగా నిలిచియుండెను. స్టైరీన్‌కు ఒక గుణము కలదు. వెచ్చపడిన దాని అణువులు తమలో తాము కలిసి గట్టిపడును. అట్లు కలియునప్పుడు మరింత వేడి పుట్టును. తడి గడ్డిని వామి వేసినచో లోలోపల వేడెక్కినట్లే ఇదియు. దీనిని ఆపుటకు తొట్టిని చల్లగా నుంచవలెను. నిరోధక ద్రవ్యమును సరిపడునంత కలుపవలెను. రాష్ట్ర ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము ఈ రెండింటను లోపములున్నట్లు తేల్చినది. కర్మాగారపు ద్వారముతో సహా పెక్కుచోట్ల సైరను మ్రోగించు ఏర్పాటున్నను, ఆ వేళ సైరను మ్రోగలేదనియు ఆ సంఘము తెలిపినది.

12 మంది మరణించిరి. వందలమంది ఆసుపత్రులలో చేరిరి. పశువులును నేలకొరిగినవి. ఎలుకల అంకెను బట్టి చూచినచో స్టైరీన్ పుర్రె గుర్తునకు కూడ నోచుకోని నాలుగవ తరగతి పదార్థము. మిథైల్ ఐసోసయనేట్‌కంటె వేయి రెట్లు తక్కువ తీవ్రమైనది. ఐనను ప్రాణములు పోయినవి. కారణమేమి? తొట్టిలో నున్నది చెంబులతో, బిందెలతో కాదు, వందల టన్నులతో కొలువవలసిన సరకు. ఇండ్లు గోడకు ఆనుకొనినంత దగ్గరగా నున్నవి. జనము నిద్రలో నుండిరి. ఆవిరి గాలికంటె సుమారు మూడున్నర రెట్లు బరువైనది గనుక నేలబారున ప్రాకి పల్లమునకు చేరినది. హెచ్చరిక అందలేదు. ఇందులో ఒక్కటియు ఎలుకల పంజరములో లేదు. కనుకనే ఎలుకల అంకె మొదటి అక్షరమేగాని, పూర్తి పాఠము కాదని మేము చెప్పుచున్నాము.

ఎలుకకును మనిషికిని భేదము

ఎలుక ముక్కుతోనే ఊపిరి పీల్చును. మనము నోటితోను పీల్తుము. ఎలుక నిమిషమునకు 80కి పైగా ఊపిరులు తీయును. మనము విశ్రాంతిలో 12 నుండి 20 వరకే. పరుగెత్తునప్పుడు, బరువు మోయునప్పుడు మన లెక్కయు పెరుగును. అందుచేత వాయువులో పరుగెత్తువాడు కూర్చున్నవానికంటె ఎక్కువ విషము పీల్చును.

ఎలుకకును దానికంటె చిన్నదైన చుంచుకును కూడ పొంతన కుదరదు. మిథైల్ ఐసోసయనేట్‌ను 6 గంటలు పీల్చినప్పుడు ఎలుకలకు పది లక్షలకు 6.1 భాగములు, చుంచులకు 12.2, గినీ పందులకు 5.4 అని అమెరికాలో జరిగిన పరీక్షలలో తేలినది. అనగా చుంచు రెట్టింపు ఓర్చుకొన్నది. స్టైరీన్ విషయములో ఇది తలక్రిందులైనది. దీర్ఘకాలపు పరీక్షలలో ఎలుకలు 1,000 భాగముల వరకు రెండు సంవత్సరములు పీల్చినను స్టైరీన్ వలన ఊపిరితిత్తులలో కణితులు లేచినట్లు తేలలేదు. చుంచులలో 160 భాగములకు లోపే కణితులు పెరిగినవి. చుంచు ఊపిరితిత్తి ఆ పదార్థమును వేరు విధముగా మార్చుకొనుటయే ఇందుకు ముఖ్యకారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఐనను స్టైరీన్ మనుష్యులలో క్యాన్సరును కలిగించు అవకాశమున్న పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2018లో వర్గీకరించినది. కనుక ఎలుకకు ఇంతైన మనిషికి ఇంత అని ఒకే గుణకముతో లెక్క వేయుటకు వీలులేదు.

మరియు ప్రయోగశాలలోని ఎలుకలన్నియు ఆరోగ్యము గల పడుచు జంతువులు. మన గ్రామములో ఎవరున్నారు? నెలల బిడ్డలు, నిండు గర్భిణులు, ఉబ్బసము గల వృద్ధులు, క్షయకు మందు తినుచున్నవారు, మంచము దిగలేనివారు. అంకెను చదువునప్పుడు బలవంతుని కాక, వీరిని మనస్సులో నుంచుకొని చదువవలెను.

చట్టములో గ్రామమునకు గల స్థానము

భోపాలు అనంతరము పర్యావరణ పరిరక్షణ చట్టము 1986లో వచ్చినది. దాని క్రింద ప్రమాదకర రసాయనముల తయారీ, నిలువ, దిగుమతి నియమావళి 1989లో వెలువడినది. విషపదార్థమేదో నిర్ణయించుటకు ఈ నియమావళియు ఎలుకల పరీక్ష అంకెనే ఒక కొలబద్దగా గైకొన్నది. పెద్ద ప్రమాదమునకు అవకాశమున్న కర్మాగారపు యజమాని లోపలి అత్యవసర ప్రణాళిక తయారుచేయవలెను. బయటి ప్రాంతమునకు జిల్లా అధికారులు ప్రణాళిక తయారుచేయవలెను. అంతేకాక, ప్రమాదము సోకగల ప్రజలకు, ఆ ప్రమాదము ఎట్టిదో, అప్పుడు చేయదగినవి, చేయరానివి ఏవో ముందుగానే తెలుపుట యజమాని విధి.

1996లో వచ్చిన రసాయన ప్రమాదముల నియమావళి కేంద్ర, రాష్ట్ర, జిల్లా, స్థానిక స్థాయిలలో ఆపద్ధర్మ సంఘములను ఏర్పరచినది. స్థానిక సంఘములో సర్పంచికి లేక గ్రామ పెద్దకు సభ్యత్వమునకు చోటు కల్పింపబడినది. ఈ సంగతి ఎరుగని సర్పంచులు పెక్కురు. పెద్ద ప్రమాదమునకు అవకాశమున్న పరిశ్రమ తమ ప్రాంతమున నున్నచో, ఆ సంఘము ఏర్పడినదా, సమావేశమగుచున్నదా, గ్రామము పక్షమున అందులో ఎవరు కూర్చుండిరి అని విచారించుట పంచాయతీ హక్కు. క్రొత్తగా వచ్చు పరిశ్రమలలో ప్రజాభిప్రాయ సేకరణ అవసరమైన వానికి, 2006 నాటి ప్రకటన ప్రకారము కనీసము 30 దినముల ముందు నోటీసు ఇయ్యవలెను. ఆ 30 దినములే మన చదువునకు గడువు.

పంచాయతీ అడుగవలసినవి

ఇట్టి సభకు పోవునప్పుడు ఈ క్రింది ప్రశ్నలు వ్రాసికొని పోవుట మంచిది.

1. మీరు నిలువచేయు పదార్థములేవి? ఒక్కొక్కటి ఒకేసారి గరిష్ఠముగా ఎన్ని టన్నులు?

2. వాని భద్రతా వివరపత్రములను తెలుగు వివరణతో పంచాయతీకి ఇత్తురా? ఇప్పుడు లోకమంతట వాడుకలోనున్న పత్రములో 16 భాగములుండును. 4వ భాగము ప్రథమచికిత్స. 6వ భాగము పదార్థము కారినప్పుడు చేయవలసినది. 11వ భాగము విషప్రభావము. ఎలుకల అంకె ఇందులోనే యుండును.

3. ఆ అంకె ఏ జంతువునకు? ఎన్ని గంటలకు? ఏ కొలతలో?

4. ఆవిరి గాలికంటె బరువైనదా, తేలికైనదా? మంటలలో చిక్కినచో ఏ వాయువులు పుట్టును?

5. కర్మాగారము సెలవులలో, సమ్మెలలో, కరెంటు లేనప్పుడు నిలిచియున్న వేళ తొట్టిని ఎవరు కనిపెట్టుదురు?

6. సైరను ఎవరు మ్రోగింతురు? అది మన హరిజనవాడకు, గిరిజన కాలనీకి, పొలములోని కళ్లమునకు వినబడునా? ఏటికి ఎన్నిమారులు అభ్యాసము జరుపుదురు?

7. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునకు ఈ పత్రములు అందినవా? చికిత్సకు కావలసిన ఆక్సిజను, మందులు అచ్చట కలవా?

ఈ ప్రశ్నలకు వచ్చిన సమాధానములను పంచాయతీ తీర్మానముల పుస్తకములో వ్రాయించి, తేదీ వేయించవలెను. నోటిమాట గాలిలో పోవును. వ్రాసిన మాట నిలుచును. పరిశ్రమ వద్దనుటకు గాని, కావలెననుటకు గాని మేము ఈ ప్రశ్నలు ఇయ్యలేదు. ఏ నిర్ణయమైనను తెలిసి చేయవలెనన్నదే మా ఆశయము. సరియైన ఏర్పాట్లున్న పరిశ్రమ ఈ ప్రశ్నలకు వెరవదు.

గ్రామపటము ఒకటి గీయించి, కర్మాగారము ఏ దిక్కున నున్నదో, ఏ నెలలలో పడమటి గాలి, ఏ నెలలలో ఈశాన్యపు గాలి వీచునో గుర్తించుట కూడ మేలు. ఇది రైతులకు తెలియని విద్య కాదు. తూర్పార పట్టువాడు గాలి వాలును ఎరుగకుండునా?

వాయువు వెలువడిన దినమున

అధికారుల ఆదేశము వచ్చినచో దానిని పాటింపవలెను. అది అందక, వాయువు తగిలినచో, గాలి వీచు దిక్కున పరుగెత్తరాదు. వాయువును వెంటబెట్టుకొని పోయినట్లగును. గాలికి అడ్డముగా, ప్రక్కకు తొలగిపోవలెను. బరువైన ఆవిరియైన మిట్టకు పోవలెను. పల్లములో, కాలువలో దాగరాదు. ముక్కునకు, నోటికి తడిగుడ్డ అడ్డుపెట్టుకొనవలెను. ఇండ్లలోనే యుండుడని చెప్పినచో తలుపులు, కిటికీలు మూసి, సందులలో తడిగుడ్డలు క్రుక్కవలెను. కండ్లు మండినచో నలుపక, శుభ్రమైన నీటితో కనీసము 15 నిమిషములు కడుగవలెను. తడిసిన బట్టలు విప్పివేయవలెను.

తొట్టిలోనో, గోతిలోనో పడిపోయినవానిని కాపాడుటకు ముఖకవచము, ఊపిరి పరికరము లేకుండ దిగరాదు. ఒకని వెంట ఒకరు దిగి ముగ్గురు, నలుగురు ఒకేచోట మరణించుట మన రాష్ట్రములో పలుమారులు జరిగినది. 112కు గాని, అంబులెన్సునకు 108కి గాని ఫోను చేయవలెను. వాయువు పీల్చిన ప్రతివానిని, బాగుగా నున్నను, వైద్యునకు చూపించి, ఆయన చెప్పినన్ని దినములు కనిపెట్టి చూడవలెను. ఎలుకలను 14 దినములు చూచిన కారణమును మరువరాదు.

ఇంతకును మేము చెప్పదలచినది ఒక్కటే. ప్రయోగశాలలోని ఎలుక తన ప్రాణముతో ఒక మాట చెప్పినది. ఆ మాట విషముల తారతమ్యమును తెలుపును గాని, మన గ్రామము సురక్షితమని హామీ ఇయ్యదు. భోపాలులో ఆ మాట 20 ఏండ్లు పుస్తకములలోనే నిదురించినది. విశాఖపట్టణములో చిన్న విషమని తోచినది పెద్ద తొట్టినుండి వచ్చి ప్రాణములు తీసినది. చంద్రపడియలో ముగ్గురు ఇండ్లకు తిరిగి రాలేదు. ఇకపై పంచాయతీ సమావేశములో ఎవరైన ఒక కాగితము చూపి “దీని వలన భయము లేదు” అన్నప్పుడు, సభ్యులలో ఒక్కరైన లేచి, “ఏ జంతువునకు? ఎన్ని గంటలకు? ఎన్ని టన్నులు? సైరను ఎవరు మ్రోగింతురు?” అని అడుగగలిగిన, ఈ పాఠము వ్రాసినందులకు మాకు తృప్తి కలుగును.